ఆదాయం ఎంత అని అడగొద్దు: ఊళ్లో ఇంటింటి సర్వేకి వెళ్లేవాళ్ల కోసం

ఆంధ్రాలో డిగ్రీ పిల్లలకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని ఒకటి ఉంది. 180 గంటలు, ఒక లాగ్‌బుక్, చివర్లో రిపోర్టు. అందులో మొదటి పని ఊళ్లో సామాజిక ఆర్థిక సర్వే. ఏటా ఇద్దరో ముగ్గురో ఫోన్ చేస్తారు, "అన్నా, ఒక క్వశ్చనీర్ ఉంటే వాట్సాప్‌లో పెట్టవా" అని. పెడితే దాన్ని జిరాక్స్ తీయించుకుని, నలుగురు కలిసి ఒక మధ్యాహ్నం ఎవరింటి అరుగు మీదో కూర్చుని 50 ఇళ్ల వివరాలూ వాళ్లే నింపేస్తారు. నాకెలా తెలుసంటే చదువుకునే రోజుల్లో నేనూ ఓసారి అదే పని చేశాను, నేను నింపిన ప్రతి ఇంట్లోనూ సరిగ్గా నలుగురే మనుషులు, ఊరంతా కుటుంబ నియంత్రణ పోస్టర్‌లా తయారైంది.

అలా నింపేవాళ్లకి ఇది అక్కర్లేదు. నిజంగా నాలుగు వీధులు తిరిగి, ఈ ఊళ్లో ఎవరు ఉన్నవాళ్లు, ఎవరు లేనివాళ్లు, అసలు అలా ఎందుకున్నారు అని తెలుసుకోవాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. ఎమ్మే సోషియాలజీ వాళ్లకి, ఎన్జీవోల్లో కొత్తగా చేరినవాళ్లకి కూడా పనికొస్తుంది.

సర్వే ఫారాలతో వచ్చే చిక్కు ముందే చెప్పేస్తాను. ఫారం ఒక్కో ఇంటిని విడివిడిగా చూస్తుంది. ఈ ఇంట్లో టీవీ ఉంది, మరుగుదొడ్డి ఉంది, ఆదాయం ఇంత, అయిపోయింది, పక్కింటికి పద. కానీ ఆ ఇంటివాళ్లు ఎవరి పొలంలో పనికి వెళ్తున్నారు, అవసరానికి ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చుకుంటున్నారు, ఎవరింటికి వెళ్తే గుమ్మం బయటే నిలబడాల్సొస్తోంది, ఇవి అడిగితేనే వర్గం అన్నది కంటికి కనబడేది. మీ ఫారంలో సగం ప్రశ్నలైనా ఈ ఇంటికీ వేరే ఇంటికీ మధ్య ఏముంది అనే దాని మీద ఉండాలి. నేను కింద చెప్పేదంతా దీని కోసమే.

ముందు ఊరంతా ఒకసారి నడవండి

మొదటి రోజు ఫారాలు తీసుకెళ్లకండి. ఒక తెల్లకాగితం, పెన్సిల్ చాలు. ఊరి మ్యాపు గీయండి. పెద్ద వీధి, రామాలయం, బడి, వాటర్ ట్యాంకు, ఎస్సీ కాలనీ, బీసీ కాలనీ, చెరువు గట్టు మీద వేసుకున్న గుడిసెలు. కృష్ణా, గుంటూరు వైపైతే ఊరు వేరు, దళితులుండే పల్లె వేరు, గూడెం వేరు. పేరుకి అన్నీ ఒకే పంచాయతీ. తెలంగాణలో వాడలుంటాయి, తండా రెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది. సీసీ రోడ్డు సరిగ్గా ఏ ఇంటి ముందు ఆగిపోయిందో గుర్తు పెట్టుకోండి. మురుగుకాలవ ఎటు నుంచి ఎటు పారుతోందో చూడండి. శ్మశానాలు ఎన్నున్నాయో కూడా అడగండి, ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఎందుకున్నాయో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదేం కొత్త విద్య కాదు. సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఉస్మానియా నుంచి ఒక బృందాన్ని తీసుకుని 1951-52లో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటలో ఊరు ఊరంతా తిరిగి రాసుకున్నాడు. పుచ్చలపల్లి సుందరయ్య 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో సర్వే చేయించాడు, 2005-06లో పరిశోధకులు మళ్లీ అదే ఊరికి వెళ్లారు కాబట్టి ముప్పై ఏళ్లలో భూమి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పాలమూరు జిల్లా ఔరేపల్లిని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి చూస్తూ వచ్చారు. మన ఊళ్లని ఇంత దగ్గరగా చూసినవాళ్లు ఉన్నారు, మనం ఒక పది రోజులు చూడలేమా.

మ్యాపు గీశాక ఇళ్ల జాబితా తయారు చేసుకోండి. అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా వర్కర్‌నో అడిగితే ఏ ఇల్లు ఎక్కడుందో నోటికి చెప్పేస్తారు. జాబితాలోంచి ప్రతి ఐదో ఇంటినో పదో ఇంటినో తీసుకోండి. బస్టాప్ దగ్గర మొదలుపెట్టి వరసగా 50 ఇళ్లు రాసుకుంటే మీకు దొరికేది కిరాణా కొట్లవాళ్లూ, డాబాలవాళ్లూ, రిటైరైన మాస్టార్లూ. రోడ్డు పక్క స్థలం ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలియనిది కాదు.

తాళం వేసిన ఇళ్లు వస్తాయి. "డోర్ లాక్" అని రాసి పక్కింటికి పోవద్దు, తాళం ఎందుకో పక్కవాళ్లని అడిగి రాసుకోండి. నేను చూసిన ఊళ్లలో తాళాలు రెండు రకాలు. ఒక ఇంటివాళ్లు పిల్లల దగ్గర డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, సంక్రాంతికి వస్తారు, ఇంటి ముందు వాచ్‌మన్ ఊడుస్తూ ఉంటాడు. ఇంకో ఇంటివాళ్లు పిల్లాజెల్లాతో మిరపకాయ కోతలకి పోయుంటారు. కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు ఏటా పోతూనే ఉంటారు, అటు పాలమూరు వాళ్లు ఇళ్లు కట్టే పనులకి ముంబై, హైదరాబాద్ పోతారు. రెండు తాళాలనీ ఒకే గడిలో వేసి వదిలేస్తే ఊరికి పైనున్నవాళ్లూ కిందున్నవాళ్లూ ఇద్దరూ మీ సర్వేలోంచి జారిపోతారు, మిగిలినవాళ్లని చూసి "ఊళ్లో పెద్దగా తేడాల్లేవు" అని రాసేస్తారు.

టైము సంగతి. నేను మొదటిసారి నిజంగా చేసిన సర్వేలో పొద్దున 11 గంటలకి వెళ్లేవాణ్ణి, ఎండెక్కాక బస్సుంది కాబట్టి. పది రోజులు తిరిగి లెక్కేస్తే కూలికి పోయే ఇళ్లు పట్టుమని పది లేవు. మా గైడ్ కాగితాలు చూసి, "ఊళ్లో వరి ఎవరు కోస్తున్నారయ్యా, దేవతలా?" అన్నారు. 11 గంటలకి ఇంట్లో ఉండేది పనికి పోనక్కర్లేనివాళ్లే. కూలీలు ఆరున్నరకల్లా క్యారేజీ కట్టుకుని ఆటో ఎక్కేస్తారు, సాయంత్రం వచ్చి, నీళ్లు పోసుకుని, పొయ్యి వెలిగించాక కాస్త మాట్లాడే ఓపిక ఉంటుంది. రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య వెళ్లండి, వంట దగ్గర కూర్చునే మాట్లాడండి. ఆడపిల్లలైతే ఇద్దరు కలిసి వెళ్లండి, తిరిగొచ్చే ఏర్పాటు ముందే చూసుకోండి.

ఇంటికెళ్లాక

పెద్ద వీధిలో మిమ్మల్ని ముందు అడిగేది "మీ ఇంటిపేరేంటమ్మా?" అని. తర్వాత "మీదే ఊరు, అక్కడ ఫలానావాళ్లు మీకేమవుతారు?" అది మర్యాద ప్రశ్నలాగే ఉంటుంది, మీ కులం కనుక్కుంటున్నారు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ అడిగారన్న సంగతి రాసుకోండి.

దళితుల పల్లెలోకి వెళ్తే ఇంకో ప్రశ్న. నాకు బాగా గుర్తుంది. ఒక ఇంటికి వెళ్తే ఆవిడ పక్కింటికి పరిగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది, తను గుమ్మం మెట్టు మీద కూర్చుంది, ఆవిడ భర్త స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కాసేపయ్యాక ఆవిడ నన్ను చూడకుండా, పొయ్యివైపు చూస్తూ, "టీ తాగుతారా, బాబూ?" అంది. టీ కావాలా అని అడిగిన గొంతు కాదది, మా ఇంట్లో తాగుతారా అని అడగడం. తాగాను. ఆయన అప్పుడొచ్చి కింద కూర్చున్నాడు, నేనూ కుర్చీలోంచి దిగి అరుగు మీద కూర్చున్నాను, అసలు మాటలు అప్పుడు మొదలయ్యాయి. అంతకుముందు నేను రాసుకున్నవాటిలో సగం కొట్టేసి మళ్లీ రాసుకున్నాను.

కుర్చీ ఎవరు వేశారు, ఎవరు నిలబడ్డారు, మిమ్మల్ని "అయ్యా" అన్నారా "బాబూ" అన్నారా, ఊళ్లో పెద్ద వయసు కూలీని కుర్ర రైతు "ఏరా" అంటున్నాడా, ఇవి ఫారంలో గడులు లేని విషయాలు. విడిగా ఒక నోటుబుక్కు పెట్టుకోండి, ఆ రాత్రే రాసేయండి, పొద్దునకి మర్చిపోతారు.

ఇప్పుడు ఆదాయం. "నెలకి మీ ఆదాయం ఎంత?" అని అడిగితే ఊరంతా పది వేల లోపే చెబుతుంది. ఎందుకు చెప్పదు? ఆంధ్రాలో బియ్యం కార్డుకి పల్లెటూళ్లో నెలకి 10,000, పట్నంలో 12,000 అని పరిమితి పెట్టారు, పైగా మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు, కరెంటు 300 యూనిట్లు దాటకూడదు. తెలంగాణలో ఏడాదికి పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో 2 లక్షలు. మీరు కాలేజీ నుంచి వచ్చామని ఎంత చెప్పినా, కాగితం పెన్నూ పట్టుకుని వచ్చినవాడు సర్కారు మనిషే, రేపు కార్డు పోతే మీరొచ్చి బియ్యం ఇస్తారా? వాళ్లు అబద్ధం చెబుతున్నారని విసుక్కోకండి. ఇంకో సంగతి, దాచాలని లేకపోయినా చాలామందికి ఆ అంకె తెలియదు. ఒక నెలలో 22 రోజుల పని దొరుకుతుంది, ఇంకో నెలలో ఆరు రోజులు. నెలకి ఇంత అని చెప్పగలిగేది జీతం వచ్చేవాళ్లే.

అందుకని వేరే దారిలో వెళ్లాలి. పోయిన వారం రోజుల్లో ఎవరెవరు ఏ ఏ పనికి వెళ్లారు, ఎంతిచ్చారు, డబ్బు చేతికొచ్చిందా ఇంకా రావాలా అని అడగండి. వారం అయితే గుర్తుంటుంది. భూమి గురించి రెండు ప్రశ్నలు విడివిడిగా: మీ పేరున ఎంతుంది, మీరు దున్నేది ఎంత? ఈ రెండూ ఒకటే అనుకుంటే కౌలు రైతులు మీ సర్వేలో మాయమైపోతారు. కౌలు ఎంత, డబ్బు ముందే కట్టాలా, పంటయ్యాక బస్తాలివ్వాలా, కాగితం ఏమైనా రాసుకున్నారా? కాగితం అనగానే చాలామంది నవ్వుతారు. ఆంధ్రాలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, ఆ చట్టం కింద కౌలు రైతుకి సాగు హక్కు కార్డు రావాలంటే భూ యజమాని సంతకం కావాలి, యజమానికేమో సంతకం పెడితే భూమి పోతుందని భయం. తెలంగాణలో 2018లో రైతుబంధు ఎకరానికి సీజనుకి 4,000 చొప్పున మొదలైంది. పట్టా ఉన్నవాళ్లకి. పది ఎకరాలు కౌలుకిచ్చి హైదరాబాద్‌లో ఉండేవాడికి సీజనుకి 40,000 ఖాతాలో పడ్డాయి, ఆ పదెకరాల్లో బురదలో దిగినవాడికి ఏమీ లేదు. అసమానత అంటే ఎవరో కావాలని చేసే అన్యాయమే అనుకునేవాళ్లకి ఇది చూపించండి. ఎకరానికి ఇంత అని రాసిన ఒక్క వాక్యం చాలు, ఎవరి తప్పూ లేకుండానే డబ్బు భూమి ఉన్నచోటికి నడిచిపోతుంది.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: మీరు కూలికి వెళ్తారా, కూలీల్ని పెట్టుకుంటారా? చాలామంది రెండూ అంటారు. రెండెకరాల రైతు నాట్లకి పదిమందిని పెట్టుకుంటాడు, ఎండాకాలంలో తనే కరువు పనికి పోతాడు. ఏడాదిలో ఎన్ని రోజులు తను ఇతరుల దగ్గర పనిచేశాడు, ఎన్ని రోజులు ఇతరులు తన దగ్గర పనిచేశారు, రెండూ రాసి తీసివేస్తే అతను వర్గంలో ఎటు ఒరిగాడో తెలుస్తుంది. మార్క్స్ మీద పరీక్షలో నాలుగు పేజీలు రాసుంటారు, ఊళ్లో ఆయన అడిగేది ఇదే, పొలం ఎవరిది పని ఎవరిది అని. వెబర్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త దానికి పరువునీ పలుకుబడినీ కలిపాడు. బూర్దియూ అనే ఫ్రెంచాయన చదువూ, తెలిసినవాళ్లూ కూడా ఆస్తే అన్నాడు, దానికి నా దగ్గర ఒక ప్రశ్న ఉంది, ఎక్కడ అడిగినా పనిచేసింది: "తహసీల్దార్ ఆఫీసులో పని పడితే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు?" ఒకరు "మా బావమరిది అక్కడే చేస్తాడు" అంటారు. ఒకరు "సర్పంచిగారిని తీసుకెళ్తాం" అంటారు. ఒకరు ఏం మాట్లాడరు, కాసేపాగి "ఎవరికి చేస్తాం బాబూ, పోయి కూర్చుంటాం" అంటారు.

అప్పు అడగండి

నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడగనిస్తామంటే నేను వడ్డీ ఎంత అని అడుగుతాను. జనం ఆదాయం దాస్తారు, అప్పు దాచరు, అడిగితే వెళ్లబోసుకుంటారు. ఇంకా మంచి సంగతేంటంటే ఒక ఇంటికి అప్పు ఎంత వడ్డీకి పుడుతోందన్నది, ఊరు ఆ ఇంటిని ఎంత నమ్ముతోందో చెప్పేస్తుంది.

లక్ష రూపాయలు తీసుకుందాం. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతు బ్యాంకులో పంట రుణం తీసుకుంటే వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం తగ్గింపు, అంటే ఏడాదికి 4,000. బంగారం ఉన్నవాళ్లు అది పెట్టి తెచ్చుకుంటారు, కాస్త ఎక్కువ పడుతుంది. డ్వాక్రా గ్రూపులో ఉన్నావిడకి గ్రూపు మీద వస్తుంది, కానీ ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు ఆ ఇంటి ముందు కూర్చుంటారు, ఆ టెన్షన్ వడ్డీలో కనబడదు. భూమీ బంగారం రెండూ లేనివాళ్లు ఊళ్లో తెచ్చుకోవాలి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం. అదే లక్షకి 36,000. ఒకే ఊళ్లో, అదే రోజున, రెండు వీధుల అవతల అదే లక్ష తొమ్మిది రెట్లు ఎక్కువ ధరకి అమ్ముడవుతోందన్నమాట. ఇక చిన్న తోపుడు బళ్ల దగ్గర రోజువారీ ఫైనాన్స్ ఉంటుంది, పది వేలు రాసుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడ్డానికి వెయ్యి రూపాయలేగా అనిపిస్తుంది, కానీ రోజూ అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి సగటున చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే, ఏడాదికి లెక్క కడితే 80 శాతం దాటుతుంది. ఇడ్లీ బండి ఆవిడకి ఈ లెక్క తెలియదనుకోకండి, తెలుసు, వేరే ఎవరూ ఇవ్వరు.

ఫారంలో అప్పుకి ఐదు గడులు పెట్టుకోండి: ఎంత, ఎవరి దగ్గర, నూటికి ఎన్ని రూపాయలు, దేనికి తెచ్చారు, ఏం తాకట్టు పెట్టారు. "ఎవరి దగ్గర" అన్నచోట పేరు వద్దు, ఏమవుతారో రాయండి. యజమానా, కొట్టు ఆయనా, చుట్టమా, ఎరువుల డీలరా? ఎరువుల డీలరైతే పంట కూడా ఆయనకే తోలాలా అని అడగండి. యజమాని అయితే ఆ అప్పు తీరేదాకా వేరేవాళ్ల పనికి పోవచ్చా అని అడగండి. ఇక్కడ తొందరపడొద్దు, ఒక్కో ఇంట్లో పావుగంట పట్టినా కూర్చోండి. "దేనికి తెచ్చారు" అన్నదానికి ఆసుపత్రి, పెళ్లి, బోరు, పిల్లల ఇంజనీరింగ్ ఫీజు, ఈ నాలుగే మళ్లీ మళ్లీ వస్తాయి. బోరుకి తెచ్చి నీళ్లు పడనివాళ్లది ఒక కథ, అమెరికా చదువుకి భూమి తాకట్టు పెట్టినవాళ్లది ఇంకో కథ. రెండిళ్లకీ ముప్పై లక్షల అప్పున్నా ఒకటి కిందికి జారుతోంది, ఒకటి పైకెక్కడానికి చూస్తోంది. అంకె ఒక్కటే చూస్తే ఇద్దరూ "అప్పులపాలైన కుటుంబాలు".

ఆడవాళ్లు, కులం

ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. మగవాళ్లు ఇంటి లెక్క చెబుతున్నప్పుడు గుమ్మం వెనక నుంచి "అదెప్పుడొచ్చింది?" అని ఒక గొంతు వినిపిస్తుంది చూడండి, ఆ గొంతు చెప్పేదే నిజమైన లెక్క. కలుపుకి ఆడకూలి ఎంత, మందు కొట్టడానికి మగకూలి ఎంత అని రెండూ రాయండి. భూమి ఎవరి పేరున ఉందో అడిగాక, అక్కచెల్లెళ్ల వాటా ఏమైందని కూడా అడగండి. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1980ల్లోనే చట్టమైంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఊళ్లో జవాబు మాత్రం "పసుపు కుంకుమలకింద ఇచ్చాం కదా" అని వస్తుంది.

కులం గడిని ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ అని నాలుగు టిక్కులతో వదిలేయొద్దు. బీసీలో చేపల చెరువుల లీజుకి పోటీపడేవాళ్లూ ఉంటారు, బట్టలుతికే వాళ్లూ ఉంటారు. ఎస్సీల్లో మాల, మాదిగ అని ఉపకులం రాయకపోతే ఎవరికి చదువు ముందొచ్చిందో ఎప్పటికీ తెలియదు. కులమూ వర్గమూ ఒకటే అనీ అనకండి, వేరే వేరే అనీ అనకండి. రెండు గడులు పక్కపక్కన పెట్టి టేబుల్ వేయండి. భూమి లేని ఓసీ ఇళ్లు కనబడతాయి, ఉద్యోగమొచ్చి డాబా కట్టిన ఎస్సీ ఇళ్లు కనబడతాయి. తర్వాత ఇద్దరికీ వడ్డీ ఎంత, పెద్ద వీధిలో ఇల్లు అద్దెకి దొరుకుతుందా అని చూడండి. కులం పని విభజన ఒక్కటే కాదు, పనిచేసేవాళ్ల విభజన కూడా అని అంబేడ్కర్ 1936లోనే రాశాడు. మీ టేబుల్‌లో భూమిలేని ఓసీ కూలీ, భూమిలేని మాదిగ కూలీ ఒకే కూలి తీసుకుంటూ పెళ్లి భోజనాల్లో ఒకే బంతిలో కూర్చుంటున్నారా లేదా అన్నచోట ఆ మాట అర్థమవుతుంది.

లెక్కలు

పేదరికపు రేఖ గురించి రిపోర్టులో ఒక పేరా రాయమంటారు. పేదరికాన్ని లెక్కగట్టడానికి సర్కారు వేసిన టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12కి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో రేఖ మనిషికి నెలకి 860 రూపాయలు, పట్టణాల్లో 1,009. 2011లో ప్లానింగ్ కమిషన్ సుప్రీంకోర్టుకి రోజుకి పల్లెలో 26, పట్నంలో 32 అని చెప్పినప్పుడు ఎంత గొడవైందో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2014లో రంగరాజన్ కమిటీ దేశం మొత్తానికి నెలకి పల్లెలో 972, పట్నంలో 1,407 అంది. ఈ రేఖల మీద నాకు పెద్ద మోజు లేదు, రేఖకి పది రూపాయలు పైనున్నవాడు ఒక్క జ్వరంతో కిందికొస్తాడు. ఇంగ్లండులోని యార్క్‌లో 1899లో ఇంటింటి సర్వే చేయించిన రౌన్‌ట్రీ కనిపెట్టింది కూడా ఇలాంటిదే: ఒకే మనిషి చిన్నప్పుడూ, పిల్లలు పుట్టాకా, ముసలితనంలోనూ లేమిలో పడుతుంటాడు, మధ్యలో కాస్త తేరుకుంటాడు. అందుకే ఇంట్లో ఎవరెవరు ఏ వయసువాళ్లో తప్పకుండా రాయండి.

పోల్చుకోవడానికి మాత్రం కేంద్ర ప్రభుత్వం చేసే ఇంటి ఖర్చుల సర్వే బాగా పనికొస్తుంది. 2022-23లో పల్లెల్లో మనిషికి నెల ఖర్చు ఆంధ్రప్రదేశ్‌లో 4,870, తెలంగాణలో 4,802, దేశ సగటు 3,773. సగటు చూసి మురిసిపోకండి. దేశంలోని పల్లెల్లో అడుగున ఉన్న 5 శాతానికి అది 1,373, పైనున్న 5 శాతానికి 10,501.

భూమి అసమానత లెక్కకి గినీ అనే అంకె వాడతారు. సున్నా అయితే అందరికీ సమానం, ఒకటికి దగ్గరైతే అంతా ఒకడిదే. చేత్తోనే చేయొచ్చు. పది ఇళ్లు అనుకోండి, లెక్క కోసం నేను వేసిన అంకెలివి: నాలుగిళ్లకి సున్నా, తర్వాత అర, 1, ఒకటిన్నర, 2, 5, 10 ఎకరాలు. మొత్తం 20. తక్కువ నుంచి ఎక్కువకి వరసగా పేర్చి, ఒక్కో అంకెని దాని వరస నంబరుతో గుణించి అన్నీ కూడండి, 180 వస్తుంది. రెట్టింపు చేస్తే 360. దాన్ని ఇళ్ల సంఖ్య, మొత్తం ఎకరాలు గుణించిన 200తో భాగిస్తే 1.8. ఇళ్ల సంఖ్యకి ఒకటి కలిపి మళ్లీ ఇళ్ల సంఖ్యతో భాగిస్తే 1.1. తీసేస్తే 0.7.

ఇప్పుడు భూమిలేని నాలుగిళ్లనీ పక్కన పెట్టి, మిగతా ఆరిళ్లకే అదే లెక్క చేయండి. 0.5 వస్తుంది. ఊరు మారలేదు, ఒక గుంట భూమి కూడా చేతులు మారలేదు, నాలుగిళ్లు లెక్కలోంచి పోయాయంతే, ఊరు ఉన్నట్టుండి సమానంగా కనబడుతోంది. సర్కారు వ్యవసాయ గణన లెక్కపెట్టేది కమతాల్ని, అంటే ఒకరి సాగులో ఉన్న భూమిని, సాగు కమతం లేని ఇల్లు అందులోకి రాదు. ఎవరైనా భూమి పంపిణీ అంకె చూపిస్తే ముందు అడగాల్సింది, భూమి లేనివాళ్లని కలిపారా అని.

రాసేటప్పుడు

"నిరక్షరాస్యత, మద్యపానం, అధిక సంతానం వల్ల పేదరికం ఉన్నది" అనే వాక్యం నేను కనీసం నలభై రిపోర్టుల్లో చదివాను, అక్షరం పొల్లుపోకుండా. పెద్ద వీధిలో తాగరా? తాగుతారు, మేడ మీద. ఆ వాక్యం రాయాలనిపిస్తే మీ అప్పుల టేబుల్ తీసి, తాగుడు వల్ల అయిన అప్పు ఎంత, ఆసుపత్రి వల్ల అయింది ఎంత అని చూసి, అప్పుడూ నిజమైతే రాయండి. "ప్రభుత్వం అవగాహన కల్పించాలి" అనే సూచన కూడా మానేయండి. మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లకి అవగాహన లోటేం లేదు.

స్కీమ్ ఇప్పిస్తామని ఎవరికీ మాటివ్వకండి. ఫోటోలు అడిగి తీయండి. వడ్డీకిచ్చేవాళ్ల పేరు ఎక్కడా రాయొద్దు, అప్పు తీసుకున్నవాళ్ల పేరు అసలే వద్దు, చిన్న ఊళ్లో "ఎస్సీ కాలనీలో టైలర్" అని రాసినా పేరు రాసినట్టే. ఇళ్లకి నంబర్లిచ్చి, ఏ నంబరు ఎవరిదో ఉన్న కాగితం ఒక్కటే విడిగా దాచుకోండి.

సబ్మిట్ చేసే ముందు ఒకసారి ఊరికి వెళ్లి టేబుళ్లు చదివి వినిపించండి. నేను ఓసారి వడ్డీల టేబుల్ రచ్చబండ దగ్గర చదువుతుంటే ఒక ముసలావిడ మధ్యలో ఆపి, "నూటికి మూడు అని రాశావు, అది మొగోళ్లకి. మొగుడు పోయినదానికి ఐదు" అంది. నా దగ్గర అలాంటి ఇళ్లు ఏడున్నాయి, వాళ్లలో ముగ్గురి వడ్డీ గడి నేను ఖాళీగా వదిలేశాను. మర్నాడు సాయంత్రం మళ్లీ వెళ్లాను. అందుకే నంబర్ల కాగితం అప్పుడే చించేయకండి, మార్కులు వేశాక చించండి.